టెక్ సందేహాలు: ఊరు ఒకటే, జిల్లాలు మూడు

ప్రశ్న: మా తాతగారు 1921లో చీరాలలో పుట్టారు. మా వంశవృక్షాన్ని గ్రాంప్స్ అనే వంశవృక్ష సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నాం. అన్నయ్య గుంటూరు జిల్లా అని పెట్టాడు, నేను ప్రకాశం అని రాశాను, మా అబ్బాయి బాపట్ల అన్నాడు. ఇప్పుడు జాబితాలో మూడు చీరాలలు కనిపిస్తున్నాయి. ఏది ఉంచాలి?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తాతగారి పుట్టుకకు అన్నయ్య రాసిందే సరైనది. 1921 నాటికి చీరాల మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లాలో ఉంది. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి చీరాల బాపట్ల జిల్లాలో ఉంది. అంటే మీ ముగ్గురూ నిజమే రాశారు, కాలాలు వేరు. సంఘటన జరిగిన రోజున ఊరు ఏ జిల్లాలో ఉందో అదే రాయాలని నా గట్టి అభిప్రాయం. పాత రికార్డులు వెతకాలంటే ఆనాటి జిల్లా పేరే దారి చూపిస్తుంది.

అలాగని మూడు చీరాలలు అక్కర్లేదు. గ్రాంప్స్‌లో ప్లేసెస్ పేజీ తెరిచి, ఒకసారికి రెండేసి చొప్పున సెలెక్ట్ చేసి, మూడూ ఒకటయ్యేదాకా మెర్జ్ చేయండి. ముందు బ్యాకప్ తీసుకోవడం మరవద్దు. మిగిలిన ఒక్క చీరాలను తెరిస్తే ‘ఎన్‌క్లోజ్డ్ బై’ అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ గుంటూరు, ప్రకాశం, బాపట్ల మూడు జిల్లాలనూ తేదీలతో చేర్చండి. ఇక గుంటూరు జిల్లాకు పైన మద్రాసు, 1953 నుంచి ఆంధ్ర రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ అని ఒక్కసారి పెడితే చాలు, ఆ జిల్లా కింద ఎక్కించిన ఊళ్లన్నిటికీ అదే వర్తిస్తుంది. తర్వాత ఏ సంఘటన చూసినా దాని తేదీకి తగిన జిల్లా, రాష్ట్రం సాఫ్ట్‌వేరే చూపిస్తుంది.

స్పెల్లింగ్ విషయంలో ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండాలి. ముఖ్యమైన పేరు ఒక్కటే ఉంచి, ఇంగ్లిష్ రూపాలు, పాత రూపాలు ‘ఆల్టర్నేటివ్ నేమ్స్’లో వేయండి. బెజవాడ, కోకనాడ, ఎల్లోర్ (ఏలూరు) లాంటివి ఇక్కడికే వస్తాయి. దస్తావేజులో ఉన్న రాత మాత్రం తప్పుగా అనిపించినా దిద్దకుండా నోట్‌లో అలాగే ఎక్కించండి.

రామాపురం, కొత్తపల్లి లాంటి పేర్లతో టెన్షన్ ఎక్కువ. అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి అక్షాంశ రేఖాంశాలు తప్పకుండా ఇవ్వండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఉంటుంది. దాన్ని ‘కోడ్’ గడిలో వేస్తే ఇక గందరగోళం ఉండదు.

1921 అన్నారు కాబట్టి ఇంకో మాట. మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా ఆ ఏడాది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల జనం ఊళ్లు ఖాళీ చేసి, పొలిమేర అవతల రామనగరం కట్టుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. పెద్దవాళ్లు ఎవరైనా ‘తాత రామనగరంలో పుట్టాడు’ అంటే కొట్టిపారేయకండి. దాన్ని విడి స్థలంగా ఎక్కించండి. అంత గొప్ప జ్ఞాపకాన్ని చీరాల అని సరిదిద్ది చెరిపేయకూడదు.

వేరే సాఫ్ట్‌వేర్‌కి పంపడానికి జెడ్‌కామ్ (వంశవృక్ష సాఫ్ట్‌వేర్‌లన్నిటికీ ఉమ్మడి ఫార్మాట్) ఫైలు తీస్తే ఈ తేదీల వరుస అందులోకి రాదు, కామాలతో ఒక్క పేరే వెళ్తుంది. అందుకే గ్రాంప్స్ సొంత ఫార్మాట్‌లోనూ ఒక కాపీ దాచండి.

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు. ఓడ జాబితాలో గంజాం, చికాకోల్ అని ఉంది. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఎంత వెతికినా ఆ ఊరు దొరకలేదు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్ష వెబ్‌సైట్‌లో ఏమని రాయాలి?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఫ్యామిలీసెర్చ్‌లో జాబితాలో ఉన్నట్టే టైప్ చేసి, కింద వచ్చే ప్రామాణిక స్థలాల్లో శ్రీకాకుళాన్ని ఎంచుకోండి. మీరు రాసింది, ప్రామాణిక పేరు రెండూ నిలుస్తాయి. అయితే ముందు ఆ జాబితాను మళ్లీ చూడండి. వాటిలో జిల్లా, ఠాణా, గ్రామం వేర్వేరు గడుల్లో ఉంటాయి. చికాకోల్ ఠాణా గడిలో ఉంటే అది తాలూకా పేరే, అసలు ఊరు పక్క గడిలో ఉంటుంది.