థర్మల్ కెమెరాతో డోలమైట్‌ను, క్వార్ట్‌జైట్‌ను వేరు చేయవచ్చా?

కడప జిల్లాలో వేంపల్లె డోలమైట్‌కూ (కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్ రాయి), దానిపైన ఉండే పులివెందుల క్వార్ట్‌జైట్‌కూ (దాదాపు అంతా క్వార్ట్‌జ్ ఉండే గట్టి రాయి) మధ్య హద్దును చేతి థర్మల్ కెమెరాతో గుర్తించవచ్చా అని అడిగారు. నా అనుభవంలో ఆ కెమెరాతో అది కుదరదు. ఉపగ్రహం తీసిన ఉష్ణ పరారుణ చిత్రాలతో చాలావరకు కుదురుతుంది.

చేతి కెమెరా సుమారు 7.5 నుంచి 14 మైక్రోమీటర్ల దాకా వచ్చే వికిరణాన్నంతా కలిపి ఒకే అంకెగా, అంటే ఉష్ణోగ్రతగా చూపుతుంది. వాలు ఎటు తిరిగి ఉంది, రాయి ఎంత నలుపు, పైన మట్టి ఎంత పేరుకుంది అన్నవన్నీ ఆ అంకెలో కలిసిపోతాయి. వేంపల్లె దగ్గరి కొండల్లో సాయంత్రం పూట నేను తీసిన చిత్రాలలో ఒకే డోలమైట్ పొర పడమటి వాలున ఒక రంగులో, తూర్పు వాలున మరో రంగులో కనిపించింది. తెల్లవారుజామున తీస్తే బండకూ మట్టికీ తేడా చక్కగా తెలుస్తుంది, ఎందుకంటే పగటి వేడిని బండ నిదానంగా వదులుతుంది. అది ఏ బండో మాత్రం తెలియదు.

రాయి ఏదో తెలియాలంటే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఉద్గారత (రాయి వేడిని వికిరణంగా వెలువరించే సామర్థ్యం) తగ్గుతుందో చూడాలి. సిలికాన్–ఆక్సిజన్ బంధాల కంపనం వల్ల క్వార్ట్‌జ్ ఉద్గారత 8–9 మైక్రోమీటర్ల ప్రాంతంలో బాగా పడిపోయి, నడుమ 8.6 దగ్గర కాస్త లేస్తుంది. డోలమైట్, సున్నపురాయి వంటి కార్బొనేట్ రాళ్ళలో ఆ తగ్గుదల 11.2–11.3 దగ్గర వస్తుంది. 1999 డిసెంబరులో ప్రయోగించిన టెర్రా ఉపగ్రహంలోని ఆస్టర్ పరికరానికి 8.125 నుంచి 11.65 మైక్రోమీటర్ల మధ్య ఐదు ఉష్ణ బ్యాండ్లు (ఒక్కోటి ఒక చిన్న తరంగదైర్ఘ్యాల పరిధి) 10 నుంచి 14 వరకు అంకెలతో ఉన్నాయి. 11వ బ్యాండ్ వర్గాన్ని 10, 12 బ్యాండ్ల లబ్ధంతో భాగిస్తే క్వార్ట్‌జైట్ ప్రకాశవంతంగా వస్తుంది. 13ను 14తో భాగిస్తే కార్బొనేట్ వస్తుంది. ల్యాండ్‌శాట్ 8 ఈ పనికి రాదు. దాని రెండు ఉష్ణ బ్యాండ్లు 10.6 పైన మొదలవుతాయి కనుక క్వార్ట్‌జ్ గుర్తు అసలే అందదు. కార్బొనేట్ గుర్తు కూడా ఆ రెంటి మధ్య ఖాళీలో జారిపోతుంది.

ఆస్టర్ ఉష్ణ చిత్రంలో ఒక్కో పిక్సెల్ 90 మీటర్లు, కాబట్టి సన్నని పొరలు అందులో కలిసిపోతాయి. అంతకంటే ఇబ్బంది పెట్టేది కొండ మీది నుంచి జారిన క్వార్ట్‌జైట్ రాళ్ళు, ఇసుక. అవి కింది డోలమైట్‌ను కప్పేయడంతో చిత్రంలో హద్దు అసలు చోటు కంటే దిగువకు జరిగి కనిపిస్తుంది. వేంపల్లె డోలమైట్‌లోని చెర్ట్ (అతి సన్నని క్వార్ట్‌జ్ కణాల రాయి) కూడా సిలికాయే కాబట్టి అది ఎక్కువైన చోట కార్బొనేట్ గుర్తు బలహీనపడుతుంది. పచ్చదనం తక్కువగా ఉండే ఏప్రిల్, మే నెలల చిత్రాలనే ఎంచుకోండి.

మీ పటం నర్జి సున్నపురాయి దాకా సాగితే మరొక చిక్కు ఉంది. కాల్సైట్ (సున్నపురాయిలోని ముఖ్య ఖనిజం), డోలమైట్ రెండూ 14వ బ్యాండ్‌లోనే తగ్గుతాయి కనుక ఈ నిష్పత్తితో వాటిని విడదీయలేరు. క్షేత్రానికి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకెళ్ళండి: సున్నపురాయి మీద చుక్క వేయగానే పొంగుతుంది, డోలమైట్ అయితే గీకి పొడి చేశాకే సరిగా పొంగుతుంది.