మెయిల్ రాత్రి మోగింది... చట్టం లెక్కలో ఎప్పుడు అందినట్టు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులకు రబ్బర్ రోల్స్, బెల్టులు, బేరింగులు సప్లై చేసే చిన్న షాపు. నేను, ఒక పిల్లగాడు మాత్రమే ఉంటం. ఎనిమిది నెలల కింద నల్లగొండలో 24,999 రూపాయలు పెట్టి ఒక పేరున్న కంపెనీ స్మార్ట్‌ఫోన్ కొన్న. రెండు నెలల కింద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన. అప్పటి సంది ఈమెయిళ్లు గంటలకొద్దీ ఆలస్యంగా వస్తున్నయి. ఫోన్ చేతిల పట్టుకోంగనే అన్నీ ఒక్కసారే పడుతున్నయి. పోయిన నెల ఒక మిల్లు వాళ్లు పొద్దున పదింటికి కొటేషన్ అడిగిన్రు, సాయంత్రం 4 లోపు పంపాలె. నాకు కనబడ్డది రాత్రి ఏడున్నరకు. 3,40,000 ఆర్డర్ వేరేవాళ్లకు పోయింది. సర్వీస్ సెంటర్‌కు రెండుసార్లు పోతే ‘మా దగ్గర బాగనే వస్తున్నయి, ఫ్యాక్టరీ రీసెట్ చేసుకో’ అన్నరు. కంపెనీ మీద కేసు వేసి ఆర్డర్ నష్టం రాబట్టుకోవచ్చా? జీఎస్టీ నోటీసులు కూడా ఆ మెయిల్‌కే వస్తయి. ఫోన్ వల్ల ఆలస్యంగా చూసిన అంటే ఒప్పుకుంటరా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కేసు వేయవచ్చు. ఫోన్ బాగు చేయించుకోవడానికి, కాకపోతే మార్పించుకోవడానికి లేదా డబ్బు వాపసు తెచ్చుకోవడానికి మీకు గట్టి అవకాశమే ఉంది. ఆర్డర్ పోయిన 3,40,000 మాత్రం కంపెనీ చేత కట్టించడం చాలా కష్టం. ఇక జీఎస్టీ నోటీసు దగ్గర ఫోన్ మీద నెపం నిలవదు. చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిగతా రెండింటికి కూడా కీలకం అక్కడే ఉంది.

ఈమెయిల్ ఎప్పుడు అందినట్టో సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 13 చెబుతుంది. మీరు ‘ఈ అడ్రస్‌కు పంపండి’ అని ముందే ఇచ్చి ఉంటే, ఆ మెయిల్‌బాక్స్ ఉన్న సర్వర్‌లోకి అది చేరిన క్షణమే అందినట్టు. మీరు తెరిచారా, ఫోన్ మోగిందా అన్నది లెక్కలోకి రాదు. మీరు ఇచ్చిన అడ్రస్‌కు కాకుండా మీదే ఇంకో అడ్రస్‌కు పంపితేనే, మీరు తీసి చూసిన సమయాన్ని లెక్కిస్తారు. విజిటింగ్ కార్డు మీద, మిల్లు వాళ్ల వెండర్ ఫారంలో, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో మీరు రాసిన అడ్రస్ ‘ఇచ్చిన అడ్రస్’ కిందికే వస్తుంది. అంటే మిల్లు వాళ్ల మెయిల్ చట్ట ప్రకారం మీకు పొద్దున పదింటికే అందింది.

జీఎస్టీలో ఇంకో మెలిక ఉంది. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 169 ప్రకారం నోటీసును చేతికివ్వడం, పోస్టులో పంపడం, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కు పంపడం, జీఎస్టీ పోర్టల్‌లో పెట్టడం లాంటి పద్ధతుల్లో ఏ ఒక్కటి చేసినా ఇచ్చినట్టే. ఫోన్ మొత్తానికి చెడిపోయినా పోర్టల్‌లో నోటీసు కూర్చునే ఉంటుంది. రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని ఇచ్చే షోకాజ్ నోటీసుకు జవాబు గడువు 7 పనిదినాలే. కాబట్టి వారానికి కనీసం రెండుసార్లు పోర్టల్‌లోకి వెళ్లి నోటీసులు, ఆర్డర్ల పేజీ చూసుకోండి. ఈ పని ఆడిటర్ చూసుకుంటారులే అని వదిలేసే వ్యాపారులే ఎక్కువ. కానీ ఆడిటర్ దగ్గర మీలాంటి క్లయింట్లు బోలెడు మంది ఉంటారు.

ఇప్పుడు ఫోన్ సంగతి. కేసులో మీరు రుజువు చేయాల్సింది ఒక్కటే: మెయిల్ సర్వర్‌కు టైముకే చేరింది, ఆలస్యం ఫోన్‌లోనే జరిగింది. దీనికి సాక్ష్యం మెయిల్ లోపలే ఉంటుంది, కానీ ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో కనబడదు. కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, జీమెయిల్‌లో ఆ మెయిల్ ఓపెన్ చేసి, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. పై భాగంలో మెయిల్ తయారైన సమయం, ఎన్ని సెకన్లలో డెలివరీ అయిందో ఉంటుంది. కింద ‘రిసీవ్డ్’ అనే మాటతో మొదలయ్యే వరుసలు ఉంటాయి. మెయిల్ దాటిన ప్రతి సర్వర్ ఒక వరుసలో తన ముద్ర వేస్తుంది. వీటిని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికన్నా పైన ఉన్నది చివరి మజిలీ.

ఇక్కడ చాలామంది కంగారుపడతారు. గూగుల్ సర్వర్లు వేసే సమయం మన సమయం కాదు, అమెరికా పశ్చిమ తీరపు సమయం. వరుస చివర -0700 అని ఉంటే దానికి 12 గంటల 30 నిమిషాలు కలపాలి. శీతాకాలంలో -0800 అని ఉంటే 13 గంటల 30 నిమిషాలు. అందువల్ల ముందురోజు తేదీతో 21:35 -0700 అని కనిపిస్తే అది మనకు మర్నాటి ఉదయం 10:05. ఈ లెక్కను ప్రింటు పక్కనే మీ చేతితో రాసి పెట్టండి. లేకపోతే ఎదుటి వకీలు ‘ముందురోజే వచ్చిన మెయిల్‌ను వీరు చూసుకోలేదు’ అంటాడు.

ఆ పేజీలోనే ‘డౌన్‌లోడ్ ఒరిజినల్’ నొక్కి ఫైల్ దాచుకోండి. మెయిల్‌ను వకీలుకో ఇంకొకరికో ఫార్వర్డ్ చేస్తే ఈ వరుసలు పోతాయి, ఫార్వర్డ్ చేసిన సమయమే మిగులుతుంది. ఇక ఫోన్ ఎప్పుడు మోగిందో చూపడానికి నోటిఫికేషన్ హిస్టరీ స్క్రీన్‌షాట్ కావాలి. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్స్ కింద ఇది ఉంటుంది. ముందే ఆన్ చేసి పెట్టుకుంటేనే రికార్డవుతుంది, అదీ 24 గంటల వరకే. పోయిన నెల సంఘటనకు ఇక ఇది దొరకదు. ఈ రోజు నుంచి ఆన్ చేయండి.

సర్వీస్ సెంటర్ వాళ్లు ‘మా దగ్గర బాగానే వస్తున్నాయి’ అన్నది అబద్ధం కాకపోవచ్చు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి, అంటే 2015 నుంచి, ‘డోజ్’ అనే ఏర్పాటు ఉంది. చార్జర్ తీసేసి, స్క్రీన్ ఆర్పి, ఫోన్‌ను కదలకుండా పెడితే అది నిద్రలోకి జారుకుంటుంది. యాప్‌లు నెట్ వాడకుండా ఆపి, అప్పుడప్పుడు మాత్రమే కాసేపు వదులుతుంది. చేతిలోకి తీసుకోగానే మేలుకుంటుంది, ఆగిన మెయిళ్లన్నీ ఒక్కసారే పడతాయి. మీరు రాసిన లక్షణం అచ్చంగా ఇదే. కౌంటర్ మీద చార్జర్ పెట్టి, స్క్రీన్ వెలిగించి పరీక్షిస్తే ఫోన్ నిద్రపోదు, లోపం బయటపడదు. అత్యవసరంగా గుర్తుపెట్టి పంపే నోటిఫికేషన్లను డోజ్ కూడా వదలాలి. అవి సైతం ఆగాయంటే కంపెనీ తన సొంతంగా పెట్టిన బ్యాటరీ పొదుపు వాటిని తొక్కిపెట్టి ఉండవచ్చు. అప్‌డేట్‌తో ఈ సెట్టింగులు మళ్లీ మొదటికి రావడం కూడా జరిగేదే.

కనుక నోటీసుకన్నా ముందు ఇవి చేసి, ఒక్కోదానికి స్క్రీన్‌షాట్ తీయండి. సెట్టింగ్స్, యాప్స్, జీమెయిల్, బ్యాటరీలోకి వెళ్లి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. అదే యాప్ మొబైల్ డేటా పేజీలో బ్యాక్‌గ్రౌండ్ డేటా, డేటా సేవర్ ఉన్నా వాడుకునే అనుమతి ఆన్ చేయండి. మీ ఫోన్‌లో ఆటోస్టార్ట్ అనే జాబితా ఉంటే అందులో జీమెయిల్ ఆన్‌లో ఉండాలి. జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో మీ అకౌంట్ మీద నొక్కి ‘సింక్’ టిక్ ఉందో లేదో, నోటిఫికేషన్లు ‘ఆల్’ మీద ఉన్నాయో ‘హై ప్రయారిటీ ఓన్లీ’ మీద ఉన్నాయో చూడండి. మీది షాపు పేరుతో ఉన్న సొంత డొమైన్ మెయిల్ అయి, దాన్ని ఆ యాప్‌లో కలుపుకున్నారంటే సింక్ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూడాలి. ఇలాంటి అకౌంట్లలో మెయిల్ వెంటనే రాదు, యాప్ ఇన్ని నిమిషాలకోసారి వెళ్లి తెచ్చుకుంటుంది. అప్పుడు పావుగంట ఆలస్యం లోపం కిందికి రాదు, తొమ్మిది గంటలైతే వస్తుంది. ఐఫోన్ ఉన్న పాఠకులకు ఒక మాట: అందులోని మెయిల్ యాప్‌లో జీమెయిల్ కలిపితే అది కూడా ఇలాగే నిర్ణీత వ్యవధికి ‘ఫెచ్’ చేసుకుంటుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా ఆలస్యం ఆగకపోతే మీ కేసు బలపడినట్టే. ఆగిపోతే సంతోషం, కేసు అవసరం ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం ఇప్పుడే చేయకండి. దానితో లోపం పోయినా పోకపోయినా సాక్ష్యం పోతుంది. తప్పదంటే ముందు ‘అబౌట్ ఫోన్’లోని బిల్డ్ నంబర్, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ స్క్రీన్‌షాట్లు తీసి వేరేచోట దాచండి.

తర్వాత వారం రోజుల పాటు ఒక నోటుబుక్కులో పట్టిక రాయండి. మీ అకౌంట్‌నే ఇంట్లో ఇంకో ఫోన్‌లో పెట్టి, రెంటినీ ఒకే వైఫై మీద, చార్జర్ లేకుండా, స్క్రీన్ ఆర్పి, గంటకు పైగా బల్ల మీద కదలకుండా ఉంచండి. ఇంకో అకౌంట్ నుంచి మెయిల్ పంపి, పంపిన సమయం, సర్వర్ సమయం, రెండు ఫోన్లూ మోగిన సమయాలు రాయండి. ఒకటి వెంటనే మోగి మీది మోగకపోతే నెట్ సాకు, సర్వర్ సాకు రెండూ కొట్టుకుపోతాయి. ఈ పట్టికతో మూడోసారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, పరీక్ష కూడా ఈ పద్ధతిలోనే చేయమని అడగండి. జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం) మీద ‘అప్‌డేట్ తర్వాత స్క్రీన్ ఆఫ్‌లో మెయిల్ ఆలస్యం’ అని మీ మాటల్లోనే రాయించండి. జాబ్ షీట్ లేకుండా వెనక్కి రాకండి. మొదటి రెండుసార్లు కాగితం ఇవ్వకపోతే, ఆ వివరాలతో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈ రోజే ఒక మెయిల్ పెట్టండి. వారంటీ సాధారణంగా ఏడాది. మీకు ఎనిమిది నెలలు గడిచాయి.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపారం కోసం కొన్న వస్తువు మీద ఫిర్యాదు చెల్లదని కంపెనీ మొదటి అభ్యంతరం పెడుతుంది. కానీ సెక్షన్ 2(7) వివరణలో, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని తాను వాడుకునేవారికి మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను వివరంగా గీసింది. మీ షాపు దాని లోపలే ఉంటుంది. ఒక్కటి చూసుకోండి: బిల్లు మీద షాపు జీఎస్టీ నంబర్ వేయించి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మీ జీఎస్టీలో సర్దుకోవడం) తీసుకుని ఉంటే, ఆ కాగితాన్నే మీ మీద వాడతారు. అలా ఉన్నా స్వయం ఉపాధి వాదన పోదు, కానీ ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

మెయిల్ సేవ ఇచ్చే సంస్థను ఇందులో కలపకండి. ఉచితంగా ఇచ్చే సేవ ఈ చట్టం కిందికి రాదు, పైగా మీ సాక్ష్యమే వాళ్లు టైముకు చేర్చారని చెబుతోంది. తయారీ కంపెనీని, సర్వీస్ సెంటర్‌ను, అమ్మిన షాపును ప్రతివాదులుగా పెట్టండి. అప్‌డేట్ ఒప్పందంలో ‘ఉన్నది ఉన్నట్టు’ ఇస్తున్నామని, తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే వెళ్లాలని ఉండవచ్చు. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల కమిషన్ తలుపు మూయలేదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది.

ఆర్డర్ నష్టం ఎందుకు కష్టమో చెప్పాలి. మిల్లు వాళ్లు అడిగింది కొటేషన్, ఇచ్చింది ఆర్డర్ కాదు. టైముకు పంపినా మీ రేటే తక్కువని ఎవరు చెప్పగలరు? 3,40,000 అమ్మకం విలువ, అందులో మీ లాభం ఎంతో అంతే నష్టం అవుతుంది. వినియోగదారుల చట్టంలోని ప్రోడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి బాధ్యత) అధ్యాయం కింద అడుగుదామంటే, అక్కడి ‘హాని’ నిర్వచనం నుంచి వాణిజ్య, ఆర్థిక నష్టాన్ని స్పష్టంగా తీసేశారు. అదే చట్టం సెక్షన్ 39 కింద నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం అడగవచ్చు. కానీ అప్‌డేట్ అయినప్పటి నుంచి ఆలస్యం సంగతి తెలిసి కూడా రోజుకు రెండుసార్లు కంప్యూటర్‌లో మెయిల్ ఎందుకు చూసుకోలేదని కంపెనీ వకీలు తప్పకుండా అడుగుతాడు. మీ ఉత్తరంలో దానికి జవాబు కనబడలేదు. నా సలహా, ఆ మొత్తాన్ని ప్రధాన కోరికగా పెట్టి కేసును బరువు చేయకండి. ఫోన్ బాగుచేయడం లేదా మార్చడం లేదా 24,999 వాపసు, మానసిక వేదనకు, తిరుగుడుకు సబబైన పరిహారం, ఖర్చులు అడగండి.

ముందుగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) రాసుకోండి. చిన్న మొత్తాల తగాదాలు కొన్ని ఇక్కడే తెగుతాయి. తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో నోటీసు పంపండి. చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు కానీ, జవాబు రాకపోతే అది మీకే పనికొస్తుంది.

ఫిర్యాదు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, 2019 చట్టం మీరు నివసించే చోటే వేసే హక్కు ఇచ్చింది. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. బిల్లు, జాబ్ షీట్లు, పట్టిక, స్క్రీన్‌షాట్లు, ‘షో ఒరిజినల్’ ప్రింట్లు, అఫిడవిట్ జతచేయండి. ఎలక్ట్రానిక్ కాగితాలకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా పెట్టడం మంచిది. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. పరీక్ష అవసరమైతే కమిషన్ ఫోన్‌ను ల్యాబ్‌కు పంపవచ్చు. అలాంటి కేసు 5 నెలల్లో, పరీక్ష లేనిది 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాయిదాలు పడి ఎక్కువే పడుతుందని లెక్కేసుకోండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

ఈలోపు కంపెనీ నుంచి కొత్త అప్‌డేట్ వస్తే, ఇన్‌స్టాల్ చేయకముందే అందులో ఏమేం సరిచేశారో రాసిన పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. ‘నోటిఫికేషన్ల ఆలస్యం సరిచేశాం’ అన్న ముక్క ఉంటే లోపం ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టు, దాన్ని నోటీసుకు మొదటి జతగా పెట్టండి. మిల్లు వాళ్లకు మాత్రం ఈ రోజే ఫోన్ చేసి, కొటేషన్ అడిగినప్పుడల్లా మెయిల్‌తో పాటు ఒక వాట్సాప్ మెసేజ్ కూడా పెట్టమనండి.