చివర్లు తెల్లగా కాదు, మొదట్లో నెలవంక!

ప్రశ్న: అక్కా, వచ్చే నెల మా ఆఫీసులో రెట్రో పార్టీ. 1930ల హాలీవుడ్ హీరోయిన్‌లా వెళ్లాలని ఫిక్సయ్యాను. గోళ్లకి ఎర్ర పాలిష్ వేసి చివర్లు తెల్లగా పెట్టుకుంటే చాలా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తెల్ల చివర్లు మాత్రం వద్దమ్మా. ఆ ఫ్రెంచ్ మానిక్యూర్ 1970ల సరుకు, ఓర్లీ కంపెనీ జెఫ్ పింక్ పుణ్యమా అని అమెరికాలో పాకింది. 1930ల పద్ధతి దానికి దాదాపు తలకిందులు. గోరు మొదట్లో తెల్లగా కనిపించే నెలవంకకి రంగు అంటకుండా వదిలేసి మిగతాది ఎర్రగా వేసేవాళ్లు, చాలామంది కొసన కూడా సన్నగా ఖాళీ ఉంచేవాళ్లు. అరచేతిలో చందమామ పెట్టుకునే మనకి ఇదేం వింత కాదులెండి. అప్పట్లో దీన్ని మూన్ మానిక్యూర్ అనేవాళ్లు, హాలీవుడ్ ఎంజీఎం సినిమా స్టూడియోలో గోళ్లు దిద్దిన బియాట్రిస్ కే పేరు దీనితో ముడిపడి ఉంది. అంతకుముందు పాలిష్‌లు చాలావరకు గోరు కనిపించేలా పల్చగా ఉండేవి. 1932లో మొదలైన రెవ్లాన్ కంపెనీ పిగ్మెంట్ కలిపి చిక్కటి రంగులు తెచ్చింది. రంగు అంత చిక్కగా ఉంటేనే కదా ఖాళీ వదిలిన నెలవంక ఎత్తి చూపినట్టు కనిపించేది! అందుకని షిమ్మర్, గ్లిట్టర్ పక్కన పెట్టి మామూలు క్రీమ్ ఫినిష్ ఎరుపు తీసుకోండి.

గోళ్లు బాదంగింజలా కోలగా రుద్దుకోండి, చదరంగా ఉంటే ఆ కాలం పోలిక రాదు. బేస్ కోట్ బాగా ఆరాక, ఫైల్ కాగితాల చిల్లులు చిరగకుండా అంటించే గుండ్రటి స్టిక్కర్లు స్టేషనరీ షాపులో దొరుకుతాయి చూడండి, వాటిని నెలవంక మీద అంటించి రంగు వేసేయండి. పూర్తిగా ఆరేదాకా ఆగితే స్టిక్కర్‌తో పాటు రంగు కూడా లేచొస్తుంది, కాస్త పచ్చిగా ఉన్నప్పుడే లాగేయాలి. చిటికెన వేలికి నెలవంక చాలామందికి కనిపించదు, అక్కడ సన్నగా గీత వదిలితే చాలు.

ప్రశ్న: పాత మూకీ సినిమాల ఫొటోల్లో హీరోయిన్ల పెదాలు నల్లగా ఉంటాయి. నిజంగానే నల్ల లిప్‌స్టిక్ వేసేవాళ్లా మేడమ్?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అది ఫిల్ము చేసిన మాయ. అప్పట్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు ఆనదు, ఎర్రటిదల్లా నల్లగా పడేది. తర్వాత అన్ని రంగుల్నీ పట్టుకునే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వచ్చాక హాలీవుడ్ మేకప్ నిపుణుడు మాక్స్ ఫాక్టర్ తన మేకప్‌నే మార్చాల్సి వచ్చింది. కాబట్టి మీరు నల్లది కొనకండి, ముదురు ఎరుపు చాలు. రంగు కన్నా ఆకారమే ముఖ్యం: పెదాల మూలలు ఫౌండేషన్‌తో కప్పేసి, మధ్యలో మాత్రం పైపెదవి మీద రెండు శిఖరాలు తేలేలా వేస్తే 1920ల మూకీ తార క్లారా బో మూతి వచ్చేస్తుంది. తినేటప్పుడు ఆ కప్పిన మూలలే ముందు బయటపడతాయి, ఫొటోలేవో భోజనాలకి ముందే కానిచ్చేయండి.

ప్రశ్న: ఆ కాలం దారంలాంటి కనుబొమల కోసం మా అమ్మాయి థ్రెడింగ్ చేయించుకుంటానంటోంది. చేయించనా?
– ఓ తల్లి, విశాఖపట్నం

జవాబు: ఒక్క రాత్రి సరదాకి వద్దండీ. పదేపదే పీకితే కొందరికి వెంట్రుకలు మళ్లీ సరిగా రావు. తడి సబ్బుతో కనుబొమలు చర్మానికి అణిచి, ఆరాక పైన కన్సీలర్ వేసి, పెన్సిల్‌తో సన్నగా గీయమనండి.