చిన్న కోతే కదా, ఇంత నొప్పి ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు వారాల కిందట పక్కటెముకల మధ్య చిన్న కోతతో బైపాస్ చేశారు. త్వరగా కోలుకుంటారన్నారు కానీ ఎడమ రొమ్ము కింద మంట, తిమ్మిరి తగ్గడం లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ వేసుకుంటే కాస్త నయంగా ఉంటోంది. ఆపరేషన్‌లో ఏదైనా తేడా జరిగిందా? స్కూటర్ ఎప్పుడు నడపొచ్చు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్కూటర్ సంగతి తర్వాత. ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపించండి. బైపాస్ అయినవాళ్లకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సాధారణంగా ఇవ్వం. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. మీ నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, బహుశా క్లోపిడోగ్రెల్ కూడా వాడుతూ ఉండాలి. వాటికి ఇది తోడైతే కడుపులో రక్తస్రావం కావచ్చు. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీల గురించీ నాకు టెన్షనే. క్రియాటినిన్ పరీక్ష చేయించండి. మలం నల్లగా వస్తోందేమో (లోపల రక్తస్రావానికి అది గుర్తు) అడగండి, మీరు అడగకపోతే ఆయన చెప్పరు. గుండె ఆపరేషన్ అయిందని షాపతనికి చెప్పారా అసలు? అన్నట్టు, ఆపమన్నది నొప్పి మాత్రే. ఆస్పిరిన్ ఆపేరు, జాగ్రత్త!

మీరు రాసిన లక్షణాలను బట్టి అది నరం నొప్పిలా ఉంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను. రొమ్ము ఎముక కోయకపోయినా, లోపలికి దారి కోసం పక్కటెముకలను ఎడం చేస్తారు. పక్కటెముక కిందుగా వెళ్లే నరం అప్పుడు నలుగుతుంది. కోత చిన్నదైనా మంట వారాలు, కొందరికి నెలలు ఉంటుంది. అంతమాత్రాన ఆపరేషన్‌లో తేడా జరిగినట్టు కాదు.

లివర్ బాగుంటే పారాసిటమాల్ 650, ఆరేసి గంటల ఎడంతో రోజుకు మూడు వరకు వాడొచ్చు. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, లెక్కలో కలుపుకోండి. చాలకపోతే నరం నొప్పికి ప్రీగాబాలిన్ లాంటి మందులు ఉన్నాయి. మోతాదు కిడ్నీని బట్టి మీ డాక్టరే నిర్ణయించాలి, సొంతంగా కొనొద్దు. తిమ్మిరి ఉన్నచోట వేడి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు. దగ్గేటప్పుడు దిండు హత్తుకోమనండి. నొప్పికి భయపడి ఊపిరి బిగబట్టి పడుకుంటే కఫం చేరి న్యుమోనియా రావచ్చు.

జ్వరం, కోత దగ్గర చీము, పడుకుంటే పెరిగే నొప్పి ఉంటే అదే రోజు సర్జన్‌కు చూపించండి. ఆయాసం, నడిస్తే ఛాతీ బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, నల్లటి మలం – వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

స్కూటర్ విషయం రివ్యూలో సర్జన్ తేల్చాలి. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీతో పాటు షాపులో కొన్న స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి.