కొన్న గేమ్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందేనా?

ప్రశ్న: మా పాత డెస్క్‌టాప్‌లో గేమ్‌లు అమ్మే స్టీమ్ యాప్ ద్వారా కొన్న ‘ది విచర్ 3’, అలాంటిదే అయిన ఎపిక్‌లో తీసుకున్న రెండు గేమ్‌లు, డీవీడీతో వేసుకున్న ఒక పాత గేమ్ ఉన్నాయి. ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. విచర్ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌తో తెచ్చి ల్యాప్‌టాప్‌లో పెట్టినా స్టీమ్‌లో ‘ఇన్‌స్టాల్’ అనే కనిపిస్తోంది. మా ఊళ్లో రోజుకు 2 జీబీ ఫోన్ డేటా తప్ప వేరే నెట్ లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: దాదాపు 50 జీబీ ఉండే ఆ గేమ్‌ను మీ డేటాతో మళ్లీ దించుకోవాలంటే, ఫోన్‌లో మరేమీ చూడకపోయినా, పాతిక రోజులు పడుతుంది. ఆ అవసరం లేదు. మీరు తెచ్చిన ఫోల్డర్‌లో లోపం ఉండకపోవచ్చు; అది అక్కడ ఉన్న సంగతి స్టీమ్‌కు తెలియకపోవడమే సమస్య.

అన్నిటికంటే ముందు మీరు ఆడిన ఆట తాలూకు సేవ్ ఫైళ్లను భద్రపరచుకోండి. గేమ్ పోతే ఎప్పటికైనా మళ్లీ తెచ్చుకోవచ్చు గానీ, నెలల తరబడి ఆడి చేరుకున్న దశ పోతే తిరిగి రాదు. విచర్ సేవ్‌లు గేమ్ ఫోల్డర్‌లో ఉండవు. డాక్యుమెంట్స్‌లోని ‘ది విచర్ 3’ ఫోల్డర్‌లో ‘గేమ్‌సేవ్స్’ అన్న పేరుతో ఉంటాయి. స్టీమ్ క్లౌడ్ వాటి కాపీని నెట్‌లో దాచిపెడుతుంది నిజమే, కానీ నెట్ అంతంతమాత్రంగా ఉన్న చోట చివరిసారి ఆడినది పైకి చేరిందో లేదో నమ్మలేం. విడిగా ఒక కాపీ పెట్టుకోవడమే మేలు.

ఇక అసలు పనికి వద్దాం. పాత డెస్క్‌టాప్‌లో స్టీమ్ ఉన్న చోట ‘స్టీమ్‌యాప్స్’ ఫోల్డర్‌ను తెరిస్తే, లోపల ‘కామన్’ అనే ఫోల్డర్‌లో గేమ్‌లు ఉంటాయి. దాని పక్కనే ‘యాప్‌మానిఫెస్ట్’ అన్న పేరుతో, ఒక్కో గేమ్‌కు ఒక్కో సంఖ్యతో, చిన్న చిన్న ఫైళ్లు కనిపిస్తాయి, విచర్‌ది 292030. గేమ్ ఉన్న సంగతి స్టీమ్‌కు చెప్పేది ఇదే; మీరు వదిలేసినది ఈ ఫైల్‌నే. ల్యాప్‌టాప్‌లో స్టీమ్‌ను విండో మూసేయడంతో సరిపెట్టకుండా, గడియారం పక్కనున్న గుర్తు మీద రైట్ క్లిక్ చేసి పూర్తిగా ఆపేసి, గేమ్ ఫోల్డర్‌ను ‘కామన్’లోను, ఆ చిన్న ఫైల్‌ను ‘స్టీమ్‌యాప్స్’లోను పెట్టి, స్టీమ్‌ను మళ్లీ తెరవండి. తర్వాత గేమ్ ప్రాపర్టీస్‌లో ఫైళ్లను సరిచూసే సదుపాయాన్ని వాడితే, పాడైనవో తప్పిపోయినవో ఉంటే వాటి మేరకే దించుకుంటుంది. డెస్క్‌టాప్‌లో అప్‌డేట్ ఏదైనా పెండింగ్‌లో ఉండి ఉంటే దాని డేటా మాత్రం ఎలాగూ ఖర్చవుతుంది.

హార్డ్‌డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ మించిన ఫైల్ అందులో పట్టదు. కాపీ మధ్యలో ఆగిపోయి ఉంటే కారణం అదే కావచ్చు, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోండి. అయితే ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుందని మరవకండి. యూఎస్‌బీ 2 పోర్టులో 50 జీబీకి అరగంట దాకా పడుతుంది. డెస్క్‌టాప్ వెనకాల నీలం రంగు (యూఎస్‌బీ 3) పోర్టు ఉంటే అందులో పెట్టండి, మామూలు హార్డ్‌డిస్క్ అయినా పది నిమిషాల్లో పని ముగించవచ్చు. ఇంట్లో రౌటర్ ఉన్నవారికి ఈ ఎత్తుదించుల శ్రమ కూడా అక్కర్లేదు: 2023 నుంచి స్టీమ్ ఒకే నెట్‌వర్క్‌లోని మరో కంప్యూటర్ నుంచి గేమ్ ఫైళ్లను తెచ్చుకోగలుగుతోంది.

ఎపిక్ గేమ్‌ల దారి వేరు. ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, రెండు మూడు శాతం కాగానే ఆపి, ఎపిక్ యాప్‌ను మూసేసి, కొత్తగా ఏర్పడిన ఫోల్డర్‌లో పాత ఫైళ్లను పోసి, తిరిగి కొనసాగించమనాలి. అది ఉన్నవాటిని సరిచూసుకుని మిగిలినవే దించుకుంటుంది.

డీవీడీ గేమ్ ఫోల్డర్‌ను కాపీ చేయడం వల్ల సాధారణంగా ప్రయోజనం ఉండదు. ఇన్‌స్టాల్ సమయంలో విండోస్ రిజిస్ట్రీలో రాసుకున్న వివరాలు ఫోల్డర్‌తో పాటు రావు కాబట్టి, డిస్క్‌తోనే మళ్లీ వేయాలి. మీ ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డ్రైవ్ దొరుకుతుంది. కానీ పాత డిస్కులలో నకళ్లను అడ్డుకోవడానికి వాడిన సేఫ్‌డిస్క్ రక్షణను విండోస్ 10, 11 నడపనివ్వవు కనుక, కొనే ముందు ఆ గేమ్‌లో అది ఉందేమో తెలుసుకోండి. ఉంటే డ్రైవ్ మీద డబ్బు పెట్టకండి, ఆ ఒక్క గేమ్ కోసం డెస్క్‌టాప్‌ను ఉండనివ్వండి.