టెక్ సందేహాలు: ఫ్రాడ్ అలర్ట్ పెట్టుకుంటే కొత్త కార్డు రాదా?

ప్రశ్న: అమెరికాలో డాలస్‌లో ఉంటున్నాను. నా సోషల్ సెక్యూరిటీ నంబరు (ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లీకైందని ఉత్తరం రావడంతో క్రెడిట్ రిపోర్టు (నా అప్పుల చరిత్ర) మీద ఫ్రాడ్ అలర్ట్ పెట్టాను. తర్వాత కొత్త క్రెడిట్ కార్డుకు ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే 'పరిశీలనలో ఉంది' అని చూపించి, పది రోజులకు 'మీరెవరో నిర్ధారించుకోలేకపోయాం' అంటూ తిరస్కరించారు. నా క్రెడిట్ స్కోరు 760. అలర్ట్ తీసేయమంటారా?

జవాబు: తీసేయకండి. ఫ్రాడ్ అలర్ట్ అంటే, మీ పేరున అప్పు ఇచ్చే ముందు అడిగింది మీరేనా అని తేల్చుకోమని బ్యాంకులకు రిపోర్టులో పెట్టే హెచ్చరిక. దానివల్ల స్కోరు ఒక్క పాయింటు కూడా తగ్గదు. మీ దరఖాస్తు ఆగింది స్కోరు దగ్గర కాదు, ఫోన్ దగ్గర.

మామూలుగా మీరు అప్లై నొక్కగానే బ్యాంకు సాఫ్ట్‌వేర్ రిపోర్టు తెప్పించుకుని క్షణాల్లో నిర్ణయం చెబుతుంది. రిపోర్టులో అలర్ట్ కనిపిస్తే చాలాచోట్ల ఆ దారి మూసుకుపోయి ఫైలు మనిషి చేతికి వెళుతుంది. అలర్ట్‌లో మీరు ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే, దానికి కాల్ చేయడమో, అప్లై చేసింది మీరేనని మరో సరైన పద్ధతిలో తేల్చుకోవడమో చేయాలని అక్కడి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం చెబుతోంది. పాత కార్డు మీద లిమిట్ పెంచమన్నా, ఇంట్లోవాళ్లకు అదనపు కార్డు అడిగినా ఇదే తంతు. ఉన్న కార్డు గీకడానికి మాత్రం ఏ అడ్డూ ఉండదు.

ఇప్పుడు మీ ఫోన్ తీసి కాల్ లాగ్, వాయిస్ మెయిల్ చూడండి. అప్లై చేసిన మర్నాడో ఆ మర్నాడో తెలియని నంబరు నుంచి మిస్డ్ కాల్ ఉండే అవకాశం ఎక్కువ. ఐఫోన్‌లో తెలియని నంబర్ల కాల్స్‌ను సైలెన్స్ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే బ్యాంకు కాల్ మోగకుండానే వాయిస్ మెయిల్‌కు పోతుంది. కొన్నిసార్లు టీ-మొబైల్ 'స్కామ్ లైక్లీ' అనీ, ఏటీ అండ్ టీ 'స్పామ్ రిస్క్' అనీ చూపిస్తే మనమే కట్ చేస్తాం. అప్లై చేశాక వారం పది రోజులు ఆ సెట్టింగ్ ఆపేయండి. అయితే కాల్ వచ్చిందని ఓటీపీ, పూర్తి సోషల్ నంబరు చెప్పేయొద్దు. ఫోన్ పెట్టేసి, బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే చేసి అప్లికేషన్ నంబరు చెప్పండి. మీకు వచ్చిన తిరస్కరణ ఉత్తరం విషయంలోనూ ముందు ఇదే పని చేసి, మళ్లీ పరిశీలించమని అడగండి. వెంటనే ఇంకోసారి అప్లై చేస్తే మరో హార్డ్ ఎంక్వైరీ (అప్పు కోసం బ్యాంకు మీ రిపోర్టు చూసినట్టు నమోదు) పడుతుంది, అది రిపోర్టులో రెండేళ్లు ఉంటుంది.

రెండో అనుమానం నంబరు మీదే. ఇండియా వెళ్లొచ్చేటప్పటికి ప్రీపెయిడ్ సిమ్ పోయి కొత్త నంబరు తీసుకున్నారా? అలర్ట్‌లో ఇంకా పాతదే ఉంటుంది. క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే బ్యూరోలైన ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్‌లలో ఒకచోట అలర్ట్ పెడితే మిగతా రెండింటికీ అదే చేరుతుంది. నంబరు మార్చడానికీ, అలర్ట్ ఎత్తేయడానికీ మాత్రం మూడు చోట్లకూ విడివిడిగా వెళ్లండి.

మనవాళ్లకు ఇంకో చిక్కు పేరుతో వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి ఉంటుంది, సోషల్ సెక్యూరిటీ కార్డులో మరోలా, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోలా. దీనికి తోడు ఏడాదికో అపార్ట్‌మెంట్ మారడం. అలర్ట్ ఉన్నప్పుడు మనిషి ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాడు కాబట్టి, సోషల్ కార్డు మీద ఉన్న స్పెల్లింగే అప్లికేషన్‌లో రాయండి. లైసెన్సులో అడ్రసు ముందే మార్పించండి.

మామూలు అలర్ట్ ఏడాది ఉంటుంది (2018 సెప్టెంబరుకు ముందు 90 రోజులే). నిజంగా మీ పేరున ఎవరైనా అప్పు తీసి ఉంటే ఐడెంటిటీ థెఫ్ట్ (గుర్తింపు దొంగతనం) రిపోర్టు జత చేసి ఏడేళ్ల అలర్ట్ అడగొచ్చు. రెండూ ఉచితమే.

దీన్ని క్రెడిట్ ఫ్రీజ్‌తో కలిపేసుకోకండి. అలర్ట్‌లో రిపోర్టు బ్యాంకుకు వెళుతుంది, ఫ్రీజ్‌లో కొత్తగా అప్పిచ్చే సంస్థకు అసలు వెళ్లదు. ఫ్రీజ్ మూడు చోట్లా మీరే పెట్టాలి. అప్లై చేసే ముందు బ్యాంకు ఏ బ్యూరో చూస్తుందో కనుక్కుని అక్కడ తాత్కాలికంగా ఎత్తేయాలి. ఆన్‌లైన్‌లోగానీ ఫోన్‌లోగానీ అడిగితే గంటలోపు తీసేయాలన్నది నిబంధన. ఆరు నెలల్లో కారు, ఇల్లు కొనే ఆలోచన లేనివాళ్లకు నేను ఫ్రీజే మేలంటాను. నంబరు లీకైనవాళ్లకైతే మరీనూ.

ప్రశ్న: విజయవాడలో ఉంటున్న మా నాన్నగారి పాన్ మీద ఆయనకు తెలియని యాప్ లోన్ ఒకటి కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మన దేశంలోని క్రెడిట్ బ్యూరోలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ నాలుగూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి, అన్ని అప్పులూ ఒకేదాంట్లో కనపడకపోవచ్చు. ఆ లోన్ ఖాతా నంబరుతో బ్యూరోలో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి, అప్పిచ్చిన సంస్థకూ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు నంబరు తీసుకుని రెండింటిలోనూ రాయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. ఎవరైనా రిపోర్టు తీసినప్పుడు ఎస్‌ఎంఎస్ లేదా ఈమెయిల్ రావాలి. అది నాన్నగారికి అందాలంటే బ్యాంకులో ఉన్న మొబైల్ నంబరు ఆయన ఇప్పుడు వాడుతున్నదేనా అని ఈ రోజే సరిచూడండి.