ఉతికితే రంగంతా నీళ్లలోకే పోతోందా? అద్దకం, అచ్చు, దారం మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: అక్కా, తెల్ల కాటన్ గుడ్డకి చల్లనీళ్లలో కలిపే పౌడర్ డైతో ఎరుపు వేసి, దానిమీద అచ్చులు కొట్టి, మధ్యలో తెల్ల నూలుదారంతో కుట్టుపని చేశాను. అంతా అయ్యాక ఒక్కసారి తడిపితే ఎరుపు దిగిపోయి దారమంతా గులాబీ రంగు పట్టేసింది. డైలో ఉప్పు వేశాను, తర్వాత వెనిగర్‌లో కూడా నానబెట్టాను. మరి ఎందుకిలా?

జవాబు: ముందు ఆ వెనిగర్ సంగతి చెప్తా చెల్లీ, ఎందుకంటే ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే రాస్తారు. నువ్వు వాడింది రియాక్టివ్ డై, 1956లో ప్రోసియన్ పేరుతో మార్కెట్లోకి వచ్చిన కోవలోది. అది నూలు పీచుతో రసాయనికంగా కలిసిపోతుంది, గుడ్డ పైపైన అంటుకుని ఉండే రకం కాదు. అలా కలవాలంటే క్షారం కావాలి, అంటే సోడా యాష్ (సోడియం కార్బొనేట్). వెనిగర్ యాసిడ్ కదా, అది ఊలుకీ పట్టుకీ వేసే యాసిడ్ డైలకి పనికొస్తుంది, ఇక్కడ వేస్తే సోడా చేసే పనిని చెడగొట్టడం తప్ప ఒరిగేదేం లేదు. ఉప్పు డైని నీళ్లలోంచి గుడ్డ వైపు నెడుతుందంతే, అక్కడ పట్టి ఉంచేది మాత్రం సోడానే. బకెట్లో వేసే అద్దకానికి లీటరు నీళ్లకి సుమారు 20 గ్రాముల సోడా యాష్ సరిపోతుంది, చేతికి గ్లౌజులు మర్చిపోకు. వంటసోడా దీనికి బదులు కాదు, అది ఆవిరి పట్టే ప్రింటింగ్ పద్ధతుల్లో వాడేది.

నువ్వు సోడా సరిగ్గానే వేసినా సరే రంగు దిగే అవకాశం ఉంది, అసలు కిటుకు ఇక్కడే ఉంది. డై గుడ్డతో కలిసినట్టే నీళ్లతో కూడా కలుస్తుంది, అలా నీళ్లతో కలిసిపోయిన డైకి ఇక గుడ్డని పట్టుకునే శక్తి ఉండదు, కానీ పీచుల మధ్య కూర్చుని ఉంటుంది, చూడ్డానికి రంగు బాగా పట్టినట్టే కనిపిస్తుంది, తడి తగలగానే బయటికొచ్చి పక్కన తెల్లగా ఏదుంటే దాని మీదకి ఎక్కుతుంది. దాన్ని ముందే వదిలించాలి. మొదట చల్లనీళ్లతో జాడించాలి, ఉప్పూ సోడా పోయేదాకా, ఎందుకంటే ఉప్పు ఉన్నంతసేపూ ఆ వదులు రంగు గుడ్డనే పట్టుకు వేలాడుతుంది. తర్వాత బాగా వేడినీళ్లలో, చెయ్యి పెట్టలేనంత వేడిలో నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెట్టాలి. ఎర్రటి ఎరుపు, నల్లటి నలుపు అయితే ఈ పని విసుగొచ్చేదాకా సాగుతుంది, సాగనివ్వాలి. అయిందో లేదో తెలియాలంటే తడిపిన గుడ్డ మీద తెల్లగుడ్డ ముక్క పరిచి వేడి ఇస్త్రీ పెట్టి నొక్కి చూడు, ముక్కకి రంగు అంటకపోతేనే సూది పట్టుకో.

ఇప్పుడున్న పీస్‌ని పారెయ్యకు. ఆరనివ్వకుండా పెద్ద బకెట్ నిండా వేడినీళ్లు, కొంచెం డిటర్జెంట్ వేసి రాత్రంతా వదిలెయ్, నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. దారానికి ఎక్కింది కూడా ఆ వదులు రంగే కాబట్టి చాలావరకు దిగుతుంది. అచ్చులు ఫ్యాబ్రిక్ పెయింట్‌తో వేసి, ఆరాక ఇస్త్రీతో వేడి పట్టించి ఉంటే వాటికి భయం లేదు.

ప్రశ్న: గుడ్డతో పాటే దారాన్ని కూడా అదే డైలో వెయ్యొచ్చా? పోయినసారి వేస్తే దారం తెల్లగానే ఉండిపోయింది.

జవాబు: మీది పాలిస్టర్ దారం అండీ, రియాక్టివ్ డై దాన్ని అస్సలు పట్టించుకోదు. నూలుదారం తీసుకోండి, మెర్సరైజ్ చేసింది (అంటే క్షారంలో ముంచి మెరుపు తెప్పించింది) అయితే రంగు ఇంకా చిక్కగా పడుతుంది. లడిగా చుట్టి నాలుగుచోట్ల వదులుగా కట్టండి, గట్టిగా కడితే ఆ ముడి కింద రంగు దూరదు. ఒకే బకెట్లో ఒకేసారి వేసినా గుడ్డా దారం సరిగ్గా ఒకే షేడ్ రావు, నన్నడిగితే ఆ కాస్త తేడానే అందం, కుట్టు కనపడీ కనపడనట్టు ఉంటుంది.

అయినా మీకు జరిగింది ఒక మంచి టెక్నిక్ అండీ. తెల్ల కాటన్ గుడ్డ మీద ముందే తెల్ల పాలిస్టర్ దారంతో కుట్టేసి ఆ తర్వాత మొత్తం నీలంలో ముంచి చూడండి, గుడ్డ నీలమై కుట్లు మాత్రం తెల్లగీతల్లా మిగులుతాయి. అప్పటిదాకా కంటికి ఆనని కుట్టంతా ఒక్కసారిగా పైకి తేలుతుంది.

ప్రశ్న: ముందు డై వెయ్యాలా, ముందు ప్రింట్ వెయ్యాలా?

జవాబు: మామూలుగా డై ముందు. డై పారదర్శకం కాబట్టి నీలం మీద పసుపు డైతో అచ్చు కొడితే ఆకుపచ్చ వస్తుంది, పసుపు కాదు. ముదురు గుడ్డ మీద లేతరంగు కావాలంటే ఒపేక్, అంటే కింది రంగు కనపడనివ్వని ఫ్యాబ్రిక్ పెయింట్ వాడాలి, కానీ అది మందంగా వేస్తే ఆ చోట గుడ్డ బిరుసెక్కి చేతిసూది దిగదు, బలవంతంగా దింపితే కన్నం కనపడుతుంది. కుట్టుపని బాగా ఉండే చోట సోడియం ఆల్జినేట్‌తో (సముద్రపు నాచు నుంచి తీసే చిక్కబరిచే పొడి) చిక్కబరిచిన డైతోనే అచ్చు వెయ్యండి, గుడ్డ మెత్తగానే ఉంటుంది. ఇంకోమాట, కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, వేడినీళ్లలో డిటర్జెంట్ వేసి ఉతక్కుండా మొదలుపెడితే మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఒక నీటిచుక్క వేసి చూడండి, వెంటనే ఇంకకుండా పైన నిలబడితే ఇంకా ఉతకాలి.

ప్రశ్న: మెషీన్‌తో ఫ్రీగా తిప్పుతూ కుడుతుంటే గుడ్డ ముడతలు పడి దగ్గరికి లాగేస్తోంది.

జవాబు: ఒంటిపొర గుడ్డ మీద కుడుతున్నట్టున్నారు. కింద ఫెల్టో బ్యాటింగో (బొంతల్లో పెట్టే మెత్తటి పొర) వెయ్యండి, లేదా స్టెబిలైజర్, అంటే కుట్టేటప్పుడు గుడ్డ లాగకుండా కింద పెట్టే బిరుసు పొర. పైదారం టెన్షన్ తగ్గించండి. చేత్తో అద్దిన నూలుదారం తెగుతుంటే 90/14 టాప్‌స్టిచ్ సూది పెట్టండి, దాని కన్ను పెద్దది.

ప్రశ్న: కుట్టు ఎక్కడ ఆపాలో తెలియట్లేదు. కుడుతూ పోతే డై వేసినప్పటి అందం పోయింది.

జవాబు: చాలామంది చేసేదే ఇది. రంగు తనంతట తాను పాకి ఒకచోట అంచు కట్టుకుంటుంది చూడండి, దాన్ని మళ్లీ దారంతో గీసినట్టు కుట్టక్కర్లేదు, అది ఇప్పటికే కనపడుతోంది. రంగు చప్పగా ఉన్నచోట రన్నింగ్ స్టిచ్ వరసలు దగ్గరదగ్గరగా వెయ్యండి, వరసల మధ్య గుడ్డ కొంచెం ఉబ్బి నీడ పడి ఆ చప్పదనం పోతుంది. ముడికుట్లు నాకైతే తక్కువుంటేనే ఇష్టం, గుడ్డంతా చల్లితే కన్ను ఎక్కడా నిలవదు. గోడకి ఆనించి కొన్ని అడుగులు వెనక్కొచ్చి చూస్తూ ఉండండి, ఫ్రేమ్ మీదకి వంగి కుడుతున్నప్పుడు ప్రతి ఖాళీ నింపాలనే అనిపిస్తుంది.

ప్రశ్న: గోడకి పెడితే రంగు వెలుస్తుందా?

జవాబు: నేరుగా ఎండ పడితే వెలుస్తుందండీ, ఏ డై అయినా ఎంతోకొంత. మిగిలిన ముక్కకి సగం వరకు అట్టముక్క కప్పి కొన్ని వారాలు కిటికీలో ఉంచితే మీ రంగు ఎంత నిలుస్తుందో తెలిసిపోతుంది, పీస్ ఎక్కడ పెట్టాలో అప్పుడు చూసుకోవచ్చు. మేకులు కొట్టొద్దు, వెనక పైఅంచుకి గొట్టంలా గుడ్డ కుట్టి అందులో కర్ర దూర్చి వేలాడదీస్తే బరువు సమంగా పడుతుంది. గ్లాస్ ఫ్రేమ్‌లో పెట్టేట్టయితే గ్లాసు గుడ్డకి తగలకుండా మధ్యలో కాస్త ఖాళీ ఉంచమనండి, లేకపోతే తేమ చేరి బూజు పడుతుంది.